ఒకే ఆకు, ఎన్నో టీలు

సూరత్ పేరు వినగానే చీరలు, వజ్రాలు గుర్తొస్తాయి. టీ చరిత్రలోనూ ఆ ఊరికి ఒక చోటు ఉంది. మొగలుల కాలంలో అది పడమటి తీరంలో పెద్ద రేవు. 1638లో అక్కడికి వచ్చిన జర్మన్ యాత్రికుడు మాండెల్స్‌లో, ఇంగ్లిష్ వర్తకుల కోఠీలో రోజూ అందరూ కలిసి కూర్చున్నప్పుడు టీ తాగేవారని రాశాడు. ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి, 1689లో ఇంగ్లండ్ నుంచి ఓడ ఎక్కిన జాన్ ఓవింగ్టన్ అనే క్రైస్తవ మతాచార్యుడు సూరత్ చేరి, కొన్నేళ్లు అక్కడే ఉన్నాడు. 1696లో అచ్చయిన అతని యాత్రా గ్రంథంలో సూరత్ టీ గురించి ఆసక్తికరమైన వివరాలున్నాయి. బనియా వర్తకులు టీ బాగా తాగేవారు. ఘాటు మసాలా దినుసులు వేసి మరిగించిన టీ తలనొప్పికి, కడుపునొప్పికి మంచిదని నమ్మేవారు. కొందరు పటికబెల్లంతో, మరికొందరు నిల్వబెట్టిన చిన్న నిమ్మకాయలతో తీసుకునేవారు. అస్సాంలో తోటలు రావడానికి దాదాపు నూట నలభై ఏళ్ల ముందు సంగతి ఇది. అప్పుడు సూరత్ బజారుకు టీ చైనా నుంచి ఓడల్లో వచ్చేది.

1699లో ఓవింగ్టన్ టీ మీదే ఒక చిన్న పుస్తకం వేశాడు. అందులో బోహీ, సింగ్లో, బింగ్ అని మూడు రకాలను వర్ణించాడు. బోహీ ముదురు రంగుది, మిగతా రెండూ ఆకుపచ్చవి. మరి ఇవి వేర్వేరు మొక్కల ఆకులా? యూరప్‌లో చాలామంది అలాగే అనుకున్నారు. మొక్కలకు పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లినేయస్ కూడా 1762లో నల్ల టీకి ఒక జాతి పేరు, పచ్చ టీకి మరో జాతి పేరు పెట్టాడు. 1840లలో రాబర్ట్ ఫార్చ్యూన్ అనే స్కాట్లండ్ వృక్షశాస్త్రజ్ఞుడు చైనా తోటల్లో తిరిగి, రెండు టీలూ ఒకే మొక్క నుంచి వస్తున్నాయని కళ్లారా చూసి రాసేదాకా ఆ అపోహ పూర్తిగా తొలగలేదు.

పచ్చ టీకి, నల్ల టీకి తేడా మొక్కలో లేదు. ఆకు కోసిన తర్వాత కొన్ని గంటల్లో దానికి ఏం జరుగుతుందన్న దానిలో ఉంది. రైతుకు వచ్చే ధర, మన కప్పులోని రుచి, కల్తీ చేసేవాడికి దొరికే సందు, ఈ మూడూ ఆ కొన్ని గంటల చుట్టూనే తిరుగుతాయి. కాబట్టి తోట నుంచి పొట్లం దాకా ఆకు వెంటే నడిచి చూద్దాం.

ఏది టీ, ఏది కాదు

టీ మొక్క శాస్త్రీయ నామం కమేలియా సైనెన్సిస్. ఇందులో ప్రధానంగా రెండు రకాలు. చైనా రకం ఆకు చిన్నది, చలిని తట్టుకుంటుంది. డార్జిలింగ్ తోటల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. అస్సాం రకం ఆకు పెద్దది, వేడి, తేమ ఉన్న చోట ఏపుగా పెరుగుతుంది. అస్సాంలోని సింగ్‌ఫో ప్రజలు దీన్ని ముందునుంచే వాడుతున్నారు. 1823లో రాబర్ట్ బ్రూస్‌కు ఈ మొక్క సంగతి తెలిసింది వారి వల్లే. 1839 జనవరిలో అస్సాం టీ తొలిసారి లండన్ వేలానికి వెళ్లింది.

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడిన తెలంగాణ నేత కుటుంబాలకు ‘లీలీ చా’ అనే మాట పరిచయమే. గుజరాతీలో దానికి అర్థం ‘పచ్చ టీ’. కానీ అది గ్రీన్ టీ కాదు, మనం నిమ్మగడ్డి అనే గడ్డి. సూరత్‌లో పుదీనాతో పాటు దీన్ని టీలో వేసి మరిగిస్తారు. వాసన అద్భుతంగా ఉంటుంది, కానీ వృక్షశాస్త్రం ప్రకారం అది వరికి, చెరకుకు బంధువు. దానిలో కెఫీన్ ఉండదు. మందార టీ, చామంతి టీ, తులసి టీ అన్నీ ఇలా పేరుకు మాత్రమే టీలు.

సూరత్‌లో ఎందుకు పండదు

ఇంత టీ తాగే ఊళ్లో టీ ఎందుకు పండించరు? సూరత్‌లో ఏడాదికి సగటున పన్నెండు వందల మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. మొత్తం చూస్తే టీకి బొటాబొటిగా సరిపోయే లెక్కే. అయితే అదంతా దాదాపు జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. టీ మొక్క నిత్యం చిగురించాలి. ఏడెనిమిది నెలలు పొడిగా ఉంటే దానికి చిగురు రాదు. ఎండాకాలంలో నలభై డిగ్రీలకు చేరే వేడి కూడా దానికి పడదు. పదమూడు నుంచి ముప్పై డిగ్రీల మధ్య అయితే హాయిగా పెరుగుతుంది.

అంతకంటే పెద్ద అడ్డంకి నేల. టీకి ఆమ్ల నేల కావాలి. పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉంటే మేలు. అంత ఆమ్లంలో నేలలోని అల్యూమినియం కరిగి చాలా పంటల వేళ్లను దెబ్బతీస్తుంది. టీ మొక్క దాన్ని తట్టుకోవడమే కాదు, పీల్చుకుని ముదురు ఆకుల్లో దాచుకుంటుంది కూడా. సూరత్ చుట్టుపక్కల ఉన్నది ఎక్కువగా నల్లరేగడి. అందులో సున్నం పాలు ఉంటుంది, కాబట్టి పీహెచ్ ఏడుకు పైనే. అలాంటి నేలలో టీ వేళ్లకు ఇనుము అందక ఆకులు పసుపుబారతాయి. పైగా రేగడి నీటిని పట్టి ఉంచుతుంది, టీ వేళ్లు నిలవ నీటిలో కుళ్లిపోతాయి. టీ తోటలు కొండవాలుల మీద కనిపించడానికి ఒక కారణం ఇదే, వాలు మీద నీరు నిలవదు. అస్సాంలో తోటలు మైదానంలోనే ఉన్నాయి, అందుకే అక్కడ మురుగు కాలువలు తవ్వడం తోట పనిలో ముఖ్య భాగం.

చెట్టును పొదగా నిలబెట్టడం

స్వేచ్ఛగా వదిలేస్తే టీ మొక్క పది మీటర్లకు పైగా పెరిగే చెట్టు. తోటలో దాన్ని నడుము ఎత్తు పొదగా ఉంచుతారు. బంతి మొక్క తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి పూలు ఎక్కువ పూస్తాయని మనవాళ్లకు తెలుసు. ఇక్కడా అదే సూత్రం. కొమ్మ చివరి మొగ్గ తయారుచేసే ఆక్సిన్ అనే హార్మోన్ పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. చివర తుంచేస్తే ఆ పట్టు సడలి పక్క మొగ్గలు లేస్తాయి. ఇలా కత్తిరిస్తూ, తుంచుతూ పోతే పొద పైభాగం బల్లలా చదునుగా తయారవుతుంది.

కొత్త తోటకు ఇప్పుడు విత్తనం కంటే కొమ్మ ముక్కలే ఎక్కువ వాడతారు. ఒక ఆకు, దాని మొదట్లో ఒక మొగ్గ ఉన్న చిన్న కాడను పాలిథిన్ సంచిలోని ఆమ్ల మట్టిలో నాటితే వేళ్లు వేస్తుంది. తల్లి మొక్క గుణాలన్నీ అలాగే వస్తాయి. ఇలాంటి మేలు రకాల ఎంపికలో అస్సాంలోని జోర్హాట్ దగ్గర 1911లో మొదలైన టోక్లాయ్ పరిశోధన కేంద్రం కృషి ఎంతో ఉంది. నాటిన మూడేళ్లకు ఆకు కోతకు వస్తుంది. బాగా చూసుకుంటే ఆ పొద యాభై ఏళ్లకు పైగా ఆకునిస్తుంది.

కోసేది రెండు ఆకులు, ఒక మొగ్గ. వారం, పది రోజులకొకసారి అదే పొద దగ్గరకు రావాలి. ఆలస్యమైతే చిగురు ముదురుతుంది. మొగ్గ ఎదగడం ఆగిపోయిన కొమ్మను తోటల్లో ‘బంజీ’ అంటారు. లేత చిగురు ఎండు బరువులో దాదాపు ముప్పై శాతం పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు ఉంటాయి. కెఫీన్ కూడా లేత ఆకులోనే ఎక్కువ. పురుగుల నుంచి తన లేత భాగాలను కాపాడుకోవడానికి మొక్క దాచుకున్న రసాయనాలివి. మనం వాటి కోసమే కోస్తున్నాం.

ఈ కోత పని కోసం పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా కూలీలను అస్సాం తీసుకెళ్లారు. ‘తెలంగా’ అనే పేరుతో వారి వారసులు ఇప్పటికీ అక్కడి తోటల సమాజంలో ఉన్నారు. ఒక మనిషి రోజుకు ఇరవై రెండున్నర కిలోల పచ్చి ఆకు కోసిందనుకుందాం. కిలో టీకి సుమారు నాలుగున్నర కిలోల పచ్చి ఆకు కావాలి. అంటే ఆమె రోజంతా కోసింది ఐదు కిలోల టీ అవుతుంది. కప్పుకు రెండు గ్రాముల లెక్కన అది రెండు వేల ఐదు వందల కప్పులు.

వంకాయ చెప్పే రహస్యం

కోసిన వంకాయ ముక్కలను గాలికి వదిలేస్తే నిమిషాల్లో నల్లబడతాయి. అందుకే ఉప్పునీళ్లలో వేస్తాం. వంకాయ కణంలో పాలీఫినాల్స్ ఒక అరలో, పాలీఫినాల్ ఆక్సిడేస్ అనే ఎంజైమ్ మరో అరలో ఉంటాయి. కత్తి పడగానే గోడలు తెగి రెండూ కలుస్తాయి. గాలిలోని ఆక్సిజన్ తోడై గోధుమ రంగు పదార్థాలు పుడతాయి. టీ ఆకులో జరిగేదీ సరిగ్గా ఇదే. వంకాయలో మనం ఆపాలనుకునే మార్పును టీ ఫ్యాక్టరీలో కొలిచి, లెక్కకట్టి జరగనిస్తారు.

మొదటి దశ వాడ్చడం. పచ్చి ఆకులో నూటికి దాదాపు డెబ్బై ఎనిమిది వంతులు నీరే. పెళుసుగా ఉన్న ఆకును నలిపితే ముక్కలవుతుంది. అందుకే పొడవాటి జల్లెడ తొట్లలో పరిచి, కింద నుంచి గాలి తోలుతూ పన్నెండు నుంచి పద్దెనిమిది గంటలు వాడుస్తారు. వంద కిలోల ఆకులో గట్టి పదార్థం ఇరవై రెండు కిలోలే. తేమ డెబ్బై శాతానికి దిగేసరికి ఆ వంద కిలోలు డెబ్బై మూడు కిలోలవుతాయి. ఆకు మెత్తబడటంతో పాటు, ఈ గంటల్లోనే సువాసననిచ్చే పదార్థాలు కూడా పెరుగుతాయి.

రెండో దశ నలపడం. పాత పద్ధతిలో ఆకును మెలిపెట్టి కణాలను చిదుపుతారు, ఆకు ఆకుగానే ఉంటుంది. దీన్ని ఆర్థడాక్స్ అంటారు. 1930ల నుంచి అస్సాంలో మరో పద్ధతి వచ్చింది, అదే సీటీసీ. నలపడం, చింపడం, చుట్టడం అనే మూడు పనుల ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలవి. పళ్లున్న రెండు ఉక్కు రోలర్లు ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతాయి. ఒకటి మరొకదాని కంటే సుమారు పది రెట్లు వేగంగా తిరుగుతుంది. వాటి మధ్య పడిన ఆకు చిరిగి, తర్వాత గుండ్రటి గింజల్లా మారుతుంది. మన ఇళ్లలో కనిపించే టీ పొడి చాలావరకు ఇదే.

మూడో దశ ఆక్సీకరణం. నలిగిన ఆకును పలుచగా పరిచి, తేమ ఉన్న చల్లటి గాలి తగలనిస్తారు. ఫ్యాక్టరీలో దీన్ని ‘ఫెర్మెంటేషన్’ అంటారు కానీ ఇడ్లీపిండి పులిసినట్టు ఇక్కడ సూక్ష్మజీవుల పనేమీ లేదు. పని చేసేది ఆకు సొంత ఎంజైమే. ముందుగా థియాఫ్లావిన్లు పుడతాయి. టీకి బంగారు రంగు, నాలుకను చురుక్కుమనిపించే గుణం వీటివల్లే. ఆ తర్వాత థియారుబిజిన్లు వస్తాయి. ఇవి ఎరుపు, గోధుమ రంగును, చిక్కదనాన్ని ఇస్తాయి. సీటీసీ ఆకుకు గంట అటూ ఇటూగా చాలు. ఎక్కువ సేపు వదిలితే థియాఫ్లావిన్లు తగ్గిపోయి టీ చప్పబడుతుంది. ఈ చర్యలో వేడి కూడా పుడుతుంది కాబట్టి పొర మందంగా ఉండకూడదు.

నాలుగో దశ ఆరబెట్టడం. నూరు డిగ్రీలకు పైబడిన వేడి గాలిలో ఎంజైమ్ పనిచేయడం మానేస్తుంది, తేమ మూడు శాతానికి పడిపోతుంది. మన డెబ్బై మూడు కిలోలు ఇప్పుడు ఇరవై మూడు కిలోల లోపు. ఇక్కడే ఆకులోని పత్రహరితం రూపం మారి టీకి నల్లరంగు వస్తుంది.

చివరిది జల్లెడ పట్టడం. పెద్ద గింజలు, చిన్న గింజలు, పొడి వేరవుతాయి. ‘డస్ట్’ అంటే నేల ఊడ్చిన దుమ్మని కొందరు అనుకుంటారు. అది గింజ పరిమాణానికి పెట్టిన పేరు మాత్రమే. మంచి ఆకు నుంచి మంచి డస్ట్ కూడా వస్తుంది.

ఎక్కడ ఆపితే ఏ టీ

ఇప్పుడు ఓవింగ్టన్ చూసిన రకాల గుట్టు తేలిగ్గా విడిపోతుంది. కోసిన వెంటనే ఆవిరి పట్టో, బాణలిలో వేయించో ఎంజైమ్‌ను నిర్వీర్యం చేస్తే ఆకు పచ్చగానే ఉండిపోతుంది. అది గ్రీన్ టీ. కొంతదూరం నడిపి మధ్యలో ఆపితే ఊలాంగ్. పూర్తిగా నడిపితే నల్ల టీ. నలపకుండా వాడ్చి ఆరబెడితే వైట్ టీ. చైనాలోని పు-అర్ రకంలో మాత్రం నిజంగానే సూక్ష్మజీవుల పులియబెట్టడం ఉంటుంది. నేల, ఎత్తు, మొక్క రకం రుచిని మారుస్తాయి, కానీ రంగును, తరగతిని నిర్ణయించేది ఈ ఆపే సమయమే.

మన పాల టీకి సీటీసీ ఎందుకు నప్పుతుందో కూడా లెక్కతో చూడొచ్చు. ఒక్కో వైపు నాలుగు మిల్లీమీటర్లు ఉన్న ఘనం ఉపరితలం తొంభై ఆరు చదరపు మిల్లీమీటర్లు. దాన్ని ఒక్కో మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే అరవై నాలుగు ముక్కలు, మొత్తం ఉపరితలం మూడు వందల ఎనభై నాలుగు. పదార్థం అంతే, నీటికి తగిలే చోటు నాలుగు రెట్లు. అందుకే సీటీసీ త్వరగా, చిక్కగా దిగుతుంది. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ వగరు పదార్థాలను పట్టేసుకుని రుచిని మెత్తబరుస్తుంది. పలుచటి డార్జిలింగ్ టీలో పాలు పోస్తే ఆ సున్నితమైన రుచి కనబడకుండా పోతుంది.

రైతు గడియారం, కల్తీదారు సందు

దేశంలో తయారయ్యే టీలో దాదాపు సగం ఇప్పుడు చిన్న రైతుల ఆకు నుంచే వస్తోంది. వారిలో ఎక్కువమందికి సొంత ఫ్యాక్టరీ లేదు, ఆకును కొనే ఫ్యాక్టరీకి అమ్ముతారు. కోసిన ఆకు ఇంకా ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది. సంచిలో కుక్కితే లోపల వేడి పెరుగుతుంది, నలిగిన చోట ఆక్సీకరణం ముందే మొదలవుతుంది. ఆకు ఎర్రబడి చేరితే ధర పడిపోతుంది. ఫ్యాక్టరీలో గంట లెక్కపెట్టి నడపాల్సిన చర్య దారిలో లెక్కలేకుండా నడిచిపోయిందన్నమాట. గాలి ఆడే బుట్ట, నీడ, కొన్ని గంటల్లో ఫ్యాక్టరీకి చేర్చే బండి, ఈ మూడూ రైతుకు ఎరువుల కంటే తక్కువ ముఖ్యమైనవేమీ కావు.

తయారీ గురించి కొనేవాడికి తెలియకపోతే ఏం జరుగుతుందో కూడా ఫార్చ్యూనే రాశాడు. విదేశీయులు ఇష్టపడే పచ్చరంగు కోసం చైనాలో ఎగుమతి టీకి ప్రష్యన్ బ్లూ అనే రంగు, జిప్సం కలపడం అతను చూశాడు. వంద పౌన్ల రంగు టీ తాగినవాళ్లు అర పౌనుకు పైగా ఈ పదార్థాలను మింగుతున్నారని లెక్కగట్టాడు. తయారుచేసినవాళ్లు మాత్రం ఆ టీ తాగేవారు కాదు. పచ్చ టీకి పచ్చదనం ఎలా వస్తుందో తెలియని చోట రంగే నాణ్యతగా చెలామణి అయింది.

ఇప్పటికీ వాడేసిన టీ పొడిని ఎండబెట్టి, రంగు వేసి కలిపే మోసం ఉంది. ఇంట్లో చేసుకోగల రెండు చిన్న పరీక్షలు ఇవి. వడపోత కాగితం మీద కొంచెం టీ పొడి చల్లి, కాగితం తడిసేలా నీళ్లు చిలకరించండి. కాసేపాగి పొడి తీసేసి, కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురులో చూడండి. అసలు టీ అయితే చెప్పుకోదగ్గ మరక ఉండదు, రంగు కలిసి ఉంటే ముదురు మరక నిలుస్తుంది. రెండోది, పొడిని పలుచగా పరిచి అయస్కాంతాన్ని పైన తిప్పండి. ఇనుప రజను ఉంటే అంటుకుంటుంది. సీటీసీ రోలర్ల పళ్లు అరిగి కొద్దిగా ఇనుము పొడిలో చేరడం సహజమే, దాన్ని లాగేయడానికి ఫ్యాక్టరీల్లో అయస్కాంతాలు పెడతారు. ఎక్కువ అంటుకుంటేనే అనుమానించాలి. ఇవి ప్రాథమిక పరీక్షలే. తేల్చి చెప్పగలిగేది ప్రయోగశాల. అనుమానం ఉంటే ఆహార భద్రత అధికారులకు నమూనా అందించవచ్చు.

మరో జాగ్రత్త. టీకి వగరునిచ్చే పాలీఫినాల్సే పప్పులు, ఆకుకూరల్లోని ఇనుమును పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తాయి. రక్తహీనత ఉన్నవారు భోజనంతో పాటు కాకుండా, గంటో రెండు గంటలో ఆగి టీ తాగడం మంచిది.

ఈసారి టీ పొట్లం కొనేటప్పుడు రంగు ఎంత ముదురుగా దిగుతుందన్నది ఒక్కటే చూడకండి. సీటీసీనా, ఆర్థడాక్సా, గింజ ఏ పరిమాణం, ఎప్పుడు ప్యాక్ చేశారు అన్నవి చదవండి. తెరిచాక గాలి చొరని డబ్బాలో, పొయ్యికి, మసాలాలకు దూరంగా పెట్టండి. మూడు శాతం తేమకు ఆరిన పొడి చుట్టుపక్కల తేమను, వాసనలను చప్పున పీల్చుకుంటుంది. తోటలో, ఫ్యాక్టరీలో అంతమంది గంటలు లెక్కపెట్టి నిలబెట్టిన రుచి, మూత సరిగ్గా పెట్టని డబ్బాలో కొన్ని వారాల్లోనే పోతుంది.